కంపెనీ పేరు మీద కాపురం

భీమవరం చుట్టుపక్కల ఊళ్లలో ఒకప్పుడు సంబంధం కుదరడానికి రెండు మాటలు చాలేవి. అబ్బాయి సత్యంలో చేస్తున్నాడు, అమెరికాలో ఉన్నాడు. ఆపైన జీతమెంతని ఆరా తీస్తే మనల్నే తేడాగా చూసేవారు. సత్యం వ్యవస్థాపకుడు రామలింగరాజుది ఆ పక్కనే గరగపర్రు కావడంతో నమ్మకానికి అభిమానం కూడా తోడైంది. 1987లో సికింద్రాబాద్‌లో గుప్పెడు మందితో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్ కంపెనీ 2001కల్లా న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌కి ఎక్కింది. 2008 నాటికి ఉద్యోగులు 53 వేలని చెప్పుకునేది.

వాళ్లలో హెచ్‌-1బీ వీసా మీద అమెరికా వెళ్లినవాళ్ల సంగతి వేరు. 2008 ఆర్థిక సంవత్సరంలో సత్యానికి మంజూరైన హెచ్‌-1బీలు 1,917. ఇన్ఫోసిస్, విప్రో తర్వాత అదే. అనుమతి వచ్చాక చేతికందే ఐ-797 కాగితం చూస్తే అసలు విషయం తెలుస్తుంది. దరఖాస్తుదారు గడిలో ఉండేది కంపెనీ పేరు. మనవాడి పేరు దాని కిందెక్కడో. అద్దె అపార్ట్‌మెంటు, కారు లోను, భార్య హెచ్‌-4 వీసా, ఆ ఏడే బడిలో వేసిన పిల్ల, అన్నీ ఆ పై గడిలో పేరు నిలబడినంతకాలమే. గ్రీన్‌కార్డుకి లేబర్ సర్టిఫికేషన్ పెట్టాల్సిందీ ఆ కంపెనీయే. అందుకని జీతం నచ్చకపోయినా, మేనేజరు సతాయించినా పళ్లబిగువున ఉండిపోయేవారు.

2008 డిసెంబరు 16న రాజుగారి కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటున్నామని సత్యం ప్రకటించింది. మదుపరులు తిరగబడేసరికి గంటల్లోనే వెనక్కి తగ్గింది. మూడు వారాలకు, 2009 జనవరి 7న, రాజుగారు బోర్డుకి ఉత్తరం రాశారు. ఏళ్ల తరబడి లాభాలు పెంచి చూపామని, లెక్కల్లో ఉన్న నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనేలేవని. పులి మీద స్వారీ చేస్తూ దిగే దారి తెలియని స్థితి తనదని ఆయనే రాసుకున్నారు. ముందురోజు 179 రూపాయలున్న షేరు సాయంత్రానికి 40కి వచ్చింది.

ఇక్కడ పగలు, న్యూజెర్సీలో అర్ధరాత్రి. షేర్లు పోయాయన్న దిగులు తర్వాతది. వీసా స్టేటస్ ఉంటుందా, పోతుందా? అప్పట్లో ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికంటూ ఒక్కరోజు గడువు కూడా రూలులో లేదు. ఇప్పుడున్న 60 రోజుల వెసులుబాటు 2017లో వచ్చింది. ఇంకో కంపెనీ పిటిషన్ వేస్తే మారొచ్చు, నిజమే. వేసేదెవరు? లేమాన్ బ్రదర్స్ కూలి అప్పటికి నాలుగు నెలలైనా కాలేదు. 2008 ఏప్రిల్లో వారంలోపే నిండిపోయిన హెచ్‌-1బీ కోటా, 2009లో డిసెంబరు 21 దాకా నిండలేదంటే స్పాన్సర్ల కరువు ఎలా ఉందో ఊహించుకోవచ్చు.

ప్రభుత్వం పాత బోర్డును తీసేసి కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్, అచ్యుతన్‌లను కూర్చోబెట్టింది. కంపెనీ మూతపడలేదు. ఏప్రిల్లో టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది. ఆ మేరకు కొత్త బోర్డును మెచ్చుకోవాల్సిందే. కానీ స్టేట్ ఫార్మ్ లాంటి క్లయింట్లు చెయ్యి వదిలారు. ప్రాజెక్టు పోతే బెంచి. హెచ్‌-1బీ మనిషిని అక్కడ ఖాళీగా కూర్చోబెట్టినా పూర్తి జీతం ఇవ్వాలన్నది అమెరికా చట్టం. అది ఉద్యోగి మేలు కోరి పెట్టిందే. రాబడి పడిపోయిన కంపెనీకి మాత్రం ఇండియాకి విమానం టికెట్టే చవక. ఇక్కడికొస్తే ఏముంది? జూన్‌లో వేలమందిని ‘వర్చువల్ పూల్’ అన్నారు. ఇంట్లో ఉండమని, జీతం కోసి ఇచ్చారు.

నన్నడిగితే తప్పు రాజుగారి దగ్గర మొదలైందే గాని అక్కడే ఆగలేదు. చెన్నైలో అమెరికా కాన్సులేటు కిటికీ దగ్గర, వీసాకి వెళ్లిన కుర్రాడి డిగ్రీ అసలుదో కాదో గుచ్చిగుచ్చి అడిగారు. వాడికి పూచీపడ్డ కంపెనీ లెక్కల మీద ఆడిటర్ సంతకం కనిపించగానే అందరూ నిశ్చింతగా ఉన్నారు.

2013 జూన్‌లో విలీనంతో సత్యం పేరు పోయింది. 2015 ఏప్రిల్లో రామలింగరాజుకి ఏడేళ్ల శిక్ష పడింది, నెల దాటగానే బెయిలొచ్చింది. న్యూయార్క్‌లో షేర్లు కొని నష్టపోయినవాళ్లు దావా వేస్తే, 12.5 కోట్ల డాలర్లు ఇవ్వడానికి కంపెనీ 2011లోనే ఒప్పుకుంది. వీసా పోయి, ఇల్లు ఖాళీచేసి, పిల్లను బడి మాన్పించి తెచ్చుకున్నవాళ్ల ఊసు ఆ దావాలో లేదు. వాళ్లు కొన్నది షేర్లు కాదు కదా.