విండోస్ ఎక్కించిందెవరు?

సామాన్యులకు ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకోవడం ఎప్పుడు సులువైందని అడిగితే, చాలామంది తెర మీద మారిన బొమ్మల కథ చెబుతారు. 1995లో విండోస్ 95ను ఫ్లాపీల మీద తెచ్చుకున్నవాళ్లు 13 డిస్కులను ఒకదాని తర్వాత ఒకటి మార్చాల్సి వచ్చేది. హార్డ్ డిస్క్ కొత్తదైతే అంతకు ముందే డాస్‌లో ఎఫ్‌డిస్క్‌తో దాన్ని భాగాలు చేసి, ఫార్మాట్ కొట్టాలి. 2001లో విండోస్ ఎక్స్‌పీ ఒక్క సీడీతో పని ముగించినా, 25 అక్షరాల కీతో పాటు యాక్టివేషన్ తంతునూ తెచ్చింది. 2006లో లినక్స్ ఆధారిత ఉబుంటు 6.06 సీడీ వచ్చాక ముందు వాడి చూసి, నచ్చితే అక్కడి నుంచే కొన్ని క్లిక్కులతో ఎక్కించుకునే వీలు కలిగింది. ఈ లెక్కన పని క్రమంగా తేలికైంది. అయితే హైదరాబాద్–బెంగళూరు రహదారి మీదున్న కొత్తకోట లాంటి చిన్న పట్టణాల నుంచి చూస్తే ఈ కథ అసంపూర్ణం. ఇక్కడ మామూలు జనానికి ఆ సులువు ఇన్‌స్టాలర్ వల్ల రాలేదు, ఎక్కించిపెట్టే మనిషి వల్ల వచ్చింది.

మన ఊళ్లకు కంప్యూటర్ చేరిన తీరే ఇందుకు సాక్ష్యం. బ్రాండెడ్ పెట్టెలు ఖరీదైన రోజుల్లో చాలావరకు వచ్చినవి అసెంబుల్డ్ సిస్టమ్‌లే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట మదర్‌బోర్డు, ర్యామ్, హార్డ్ డిస్క్ విడివిడిగా కొని బిగించేవారు. బిగించినవాడే విండోస్ కూడా ఎక్కించి ఇచ్చేవాడు. వైరస్ పట్టినా, మెషిన్ నెమ్మదించినా సీపీయూను బండి మీద పెట్టుకుని మళ్లీ అతని దగ్గరికే వెళ్లేవారు. ఫార్మాట్ చేయడమంటే సీడీ పెట్టి నెక్స్ట్ నొక్కుతూ పోవడం మాత్రమే కాదు. సి డ్రైవ్‌లో, డెస్క్‌టాప్ మీద ఉన్న ఫైళ్లను ముందే పక్కకు తీయాలి. తర్వాత సౌండ్, డిస్‌ప్లే, ప్రింటర్ డ్రైవర్లు వెతికి వేయాలి. డీటీపీ సెంటరైతే పేజ్‌మేకర్, అను ఫాంట్లు, అలవాటైన కీబోర్డు అమరిక తిరిగి కుదరాలి. శుభలేఖ ప్రింటు తీసేదాకా పని అయినట్టు కాదు. ఇంత పనిలో ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నలు ఒక చిన్న భాగమే.

లినక్స్ అనుభవం ఈ వాదనను ఇంకా బలపరుస్తుంది. ఉబుంటును తెచ్చే కానానికల్ సంస్థ 2011 వరకు అడిగినవారికి సీడీలను ఉచితంగా పోస్టులో పంపింది. పీసీ క్వెస్ట్ పత్రిక లినక్స్ సీడీలను పాఠకులకు అందించింది. 2005లో మొదలైన స్వేచ్ఛ బృందం తెలుగులోనే డెస్క్‌టాప్‌ను తయారుచేసింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ బాస్ లినక్స్‌ను తెచ్చింది. ధర, ఇన్‌స్టాలర్ మాత్రమే అడ్డంకులైతే ఇవి ఊరూరా కనిపించాలి. దొంగ విండోస్ కూడా ఉచితంగానే దొరికింది కదా, లినక్స్‌తో పనేముంది అనే వాదన ఉంది. అందులో సగం నిజముంది. రెండూ ఉచితమే అయినప్పుడు ధర గెలుపును తేల్చలేదు. చెడితే వచ్చి చూసేవాడికి ఏది తెలుసన్నదే తేల్చింది. అతను నేర్చుకున్నది విండోస్. అతని ఖాతాదారులకు కావలసిన అను ఫాంట్లు నడిచిందీ అక్కడే.

ఇంగ్లీషే అసలు అడ్డంకి అని మరికొందరంటారు. తెలుగు మెనూలు తప్పకుండా మేలే. కానీ ఏ పార్టిషన్ చెరపాలో అడిగే ప్రశ్న తెలుగులో ఉన్నంత మాత్రాన దాని ప్రమాదం తగ్గదు. తప్పు నొక్కితే పెళ్లి ఫొటోలు, బిల్లుల లెక్కలు అన్నీ పోతాయి. ఆ భయం భాషను మించినది. పక్కన తెలిసినవాడు ఉంటేనే అది పోతుంది. కేరళను చూడండి. 2001లో మొదలైన ఐటీ@స్కూల్ కార్యక్రమం బడులను లినక్స్ వైపు మళ్లించినప్పుడు సీడీలు పంచి ఊరుకోలేదు. టీచర్లకు శిక్షణ ఇచ్చి, బడి కంప్యూటర్ బాధ్యత వాళ్ల చేతికిచ్చింది. అందుకే అక్కడ లినక్స్ నిలిచింది.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లు విండోస్‌తోనే వస్తున్నాయి, ఫోన్‌లో ఎక్కించే పనే లేదు, కాబట్టి ఇది పాత ముచ్చట అనుకోవచ్చు. కానీ 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి, 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి సాధారణ మద్దతు ఆగినప్పుడు ఎక్కించేదెవరన్న ప్రశ్న తిరిగొచ్చింది. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ అడుగుతుంది కాబట్టి, బాగానే పనిచేస్తున్న పాత యంత్రాలు ఎన్నో దారి లేక మిగిలిపోతాయి. పెన్‌డ్రైవ్‌తో లినక్స్ ఎక్కిస్తే వాటిలో చాలా వాటికి మరికొన్నేళ్ల ఆయుష్షు ఉంటుంది. ఆ పని నేడు తేలికే. కానీ దాన్ని చేసిపెట్టి, ప్రింటర్ కదలకపోతే మర్నాడు వచ్చి చూసే మనిషి ఊళ్లో ఉండాలి. కొత్తకోటకు దగ్గరలోని వనపర్తి సంస్థానపు పాత రాజభవనంలో నడుస్తున్న ప్రభుత్వ పాలిటెక్నిక్‌లోనూ, ఐటీఐలలోనూ ఈ పని నేర్పితే, కొత్తకోట డీటీపీ సెంటరుకు పాత పెట్టె పారేసి కొత్తది కొనాల్సిన ఖర్చు తప్పుతుంది. ఏ కంపెనీ ఇన్‌స్టాలర్ ఎంత ముచ్చటగా ఉందన్నది ఆ తర్వాతి మాట.