చేప చెవి కథ

జీబ్రా చేపను గంగానది చేపల పుస్తకంలో 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ వర్ణించాడు. అంటే మన దేశం చేపే! దాన్ని జన్యుశాస్త్రంలోకి తెచ్చింది అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జార్జ్ స్ట్రైసింగర్. దాని పిండం గాజులా ఉంటుంది, లోపల చెవి తయారవడం సూక్ష్మదర్శినిలో కనిపిస్తుంది. చేపకు చెవి బయటికి ఉండదు, తల లోపలే.

పిండంలో వెనుక మెదడు దగ్గర్నుంచి ఎఫ్‌జీఎఫ్3, ఎఫ్‌జీఎఫ్8 అనే గ్రోత్ ఫ్యాక్టర్లు పక్క కణాలకు చెవిగా మారమని కబురు పంపుతాయి. ఒకటి లేకపోతే చెవి చిన్నదవుతుంది. రెండూ లేకపోతే అసలు రాదు. ఇది 2001, 2002లలో తేలింది.

మా వీధిలో వినపడని పాప ఉంది. గ్రహణం నాడు వాళ్లమ్మ బయట తిరిగిందట, అందుకే అంటారు. ఆ మాట నాకు నచ్చదు. పుట్టు చెవుడుకు చాలా కారణాలున్నాయి. అందులో ఒకటి 2007లో బయటపడింది: అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా చెడిన ఎఫ్‌జీఎఫ్3 జన్యువే వస్తే, లోపలి చెవి లేకుండానే పిల్లలు పుడతారు.