కోనసీమలో కూతురితో సినిమాకు

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ వైనతేయ చీల్చుకుపోయిన లంకనేలలో, కూతుర్ని సినిమాకు తీసుకెళ్లే అలవాటుకు చరిత్ర రాయబోతే, అది సినిమాల కథ కాకముందు దారుల కథ, రేవుల కథ అవుతుంది. ఎదుర్లంక–యానాం వారధి 2002లో గాని అందుబాటులోకి రాలేదు. అంతవరకు ఆ వైపు గోదావరి దాటాలంటే పంటో పడవో దిక్కు కాబట్టి, ఆడపిల్లతో వెళ్లే ఇంటివారు ఏ ఆట చూడాలన్నది తెరమీది బొమ్మకంటె చీకటిపడే వేళే ఎక్కువగా తేల్చేది. మధ్యాహ్నపు ఆటకు, అంటే మ్యాట్నీకి, కుటుంబాల ఆట అన్న పేరు రావడానికి ఇదొక కారణం.

అంతకుముందు ఊరూరా తిరిగే డేరా సినిమాలు, అనగా టూరింగ్ టాకీసులు, ఉండేవి. ప్రొజెక్టరు ఒక్కటే కావడంతో రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగి దీపాలు వెలిగేవి. నేల, బెంచి, కుర్చీ అనే తరగతులతో పాటు ఆడవారికి వేరే వైపు కేటాయించే పద్ధతి ఉండటం వల్ల, తండ్రి ఒళ్లో కూర్చోగల పసిపిల్ల కాస్త ఎదిగేసరికి తల్లివైపు చేరవలసి వచ్చేది. పిల్ల ఎదుగుదలకు ఇంత నిక్కచ్చి కొలత బడిలో కూడా ఉండేది కాదేమో! కథ గురించి మాత్రం ఎవరికీ బెంగ లేదు. 1957 నాటి ‘మాయాబజార్’ వంటి పౌరాణికాన్ని తాతా మనవరాలూ ఒకే నవ్వుతో చూడగలిగేవారు.

ఆ నిశ్చింతను కదిలించినది కౌమార ప్రేమకథ, అంటే ఇరవై ఏళ్లయినా నిండని జంట చుట్టూ అల్లిన కథ. జంధ్యాల దర్శకుడిగా తొలి చిత్రం ‘ముద్దమందారం’ (1981), ఆ మరుసటి ఏడు ‘నాలుగు స్తంభాలాట’ ఆ జంటను ముందుకు తెచ్చినా, పెద్దలు ఇబ్బందిపడకుండా పక్కన కూర్చోగల మర్యాద వాటిలో నిలిచింది. తేజ తీసిన ‘చిత్రం’ (2000) దగ్గర లెక్క మారింది: తేలికపాటి హాస్యంగా నడుస్తూనే, చదువుకునే వయసులో గర్భం దాల్చిన అమ్మాయి కథను అది నడిహాలులోకి తెచ్చింది. నవ్వుకుందామని బయలుదేరిన తండ్రి జవాబు సిద్ధం చేసుకోని ప్రశ్నతో ఇల్లు చేరే అవకాశం అప్పటినుంచే ఏర్పడిందనుకోవాలి.

చట్టం దీనికి తన పద్ధతిలో జవాబు వెతికింది. పన్నెండేళ్లలోపు పిల్లలు పెద్దల మార్గదర్శకత్వంలో చూడదగినదని చెప్పే ‘యుఏ’ తరగతి 1983లో అమలులోకి రాగా, 2023 నాటి సవరణ దానిని 7, 13, 16 ఏళ్ల మెట్లుగా విడదీసింది. ఈ గుర్తు థియేటరు తెరపై పడేది టికెట్టు చిరిగాకనే. పోస్టరుమీద మాత్రం ముందే, చిన్న అక్షరాల్లో, ఒక మూలన ఉంటుంది.