పోకెమాన్ ఆటల్లో కాఠిన్యం, స్వేచ్ఛ: ఒక చారిత్రక పరిశీలన

1996లో జపాన్‌లో వెలువడిన తొలి పోకెమాన్ ఆటల్లో జీవులను పెంచడమంటే ప్రధానంగా వాటిని పోరాడించడమే. ఆ శ్రమ క్రమంగా తగ్గింది. 2013 నాటి ఎక్స్, వై ఆటల్లో ‘ఎక్స్‌పీ షేర్’ పోరులో పాల్గొనని జీవులకూ అనుభవాంకాలను పంచింది. అయితే దానిని ఆపుకొనే వీలుండేది. 2019 నాటి స్వోర్డ్, షీల్డ్ ఆటల్లో ఆ వీలు లేదు. ఆట సులభం కావడం కన్న ఈ ఎంపిక పోవడమే ఇక్కడ గమనార్హం. 2012 నాటి బ్లాక్ 2లో కఠిన స్థాయి ఉన్నది గాని, దాని తాళంచెవి ఆట ముగించినవారికే దక్కేది!

ఈ లోటును అభిమానులు రెండు విధాల పూరించుకున్నారు. 2010లో ఒక వెబ్ కామిక్ ద్వారా ప్రచారంలోకి వచ్చిన నజ్‌లాక్ పద్ధతి మూలాన్ని ముట్టదు. ఒక్కో ప్రాంతంలో మొదట ఎదురైన జీవినే పట్టుకోవాలనీ, సొమ్మసిల్లిన దానిని వదులుకోవాలనీ ఆటగాడే తనకు నియమం విధించుకుంటాడు. రాడికల్ రెడ్ వంటివి ఫైర్‌రెడ్ ఆటనే తిరగరాసి, జీవుల స్థాయికి హద్దు పెట్టాయి. కాఠిన్యం పెరిగిన చోటల్లా స్వేచ్ఛ పెరిగిందనడం తొందరపాటు. హద్దు ఉన్నచోట ఇష్టమైన ఒక్క జీవిని బాగా పెంచి నెగ్గుకురావడం కష్టం. నిర్మాత ఊహించిన వ్యూహాల వైపే ఆటగాడు నడవవలసివస్తుంది. నజ్‌లాక్‌లో మాత్రం సడలించే హక్కూ అతనిదే.

2016లో విడుదలైన అభిమానుల ఆట ‘యురేనియం’ను, నింటెండో తరఫు నోటీసుల దరిమిలా, రూపకర్తలు కొద్ది రోజులకే ఉపసంహరించుకున్నారు. నజ్‌లాక్‌కు ఉపసంహరించవలసిన ఫైలే లేదు.