ఇంటిని మోసిన బండి

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్న సామెతను డాబుసరి మనుషుల మీద విసరడానికే వాడుతుంటాం. కానీ అందులో ఒక సంసారం లెక్క ఉంది. ఇల్లు ముందా, వాహనం ముందా అన్న తగువు మారుతీ కారుతో పుట్టలేదు, బ్యాంకు వాయిదాలతోనూ పుట్టలేదు. పల్లకీల కాలానికే సామెతకెక్కేంత ముదిరింది. ఇవాళ ద్రాక్షారామంలోనో అమలాపురంలోనో అద్దె వాటా ముందు కవరు కప్పిన కారు కనిపిస్తే పెద్దలు చెప్పే మాట ఒకటే: ముందు దాన్ని అమ్మి నాలుగు సెంట్ల స్థలం కొనుక్కోమని. గోదావరి డెల్టా చరిత్ర ఆ సలహాను సగమే బలపరుస్తుంది. ఇక్కడ బండి ఇంటికి శత్రువుగా బతికిన కాలం తక్కువ, ఇల్లు కట్టించిన కాలం ఎక్కువ. పనిచేసే బండి పనిలేని పల్లకీగా మారినప్పుడే పేచీ వచ్చింది. దాని మీద మనసు పడటానికీ ఈ పేచీకీ సంబంధం లేదు.

ఈ లెక్కకు అన్నిటికన్నా పాత సాక్ష్యం ద్రాక్షారామం గుడి గోడల మీదే ఉంది. తూర్పు చాళుక్య రాజు చాళుక్య భీముడి పేరుతో ముడిపడిన భీమేశ్వరాలయంలో వందల శాసనాలున్నాయి. పదకొండు నుంచి పదమూడో శతాబ్దం దాకా రాజులు, రాణులు, సామంతులు, ఉద్యోగులు స్వామికి అఖండ దీపాలు పెట్టారు. దీపానికి నెయ్యి కావాలి. ఆ నెయ్యి కోసం చాలామంది ఇచ్చింది భూమి కాదు, పశువులు. ఒక దీపానికి యాభైకి అటూ ఇటూగా గొర్రెలనో మేకలనో ఇచ్చేవారు. శాసన భాషలో వాటి పేరు ‘ఇనుప యెడ్లు’, అంటే చావులేని మంద. ఒక్కొక్క జీవం చావకుండా ఉండదు కదా. మంద బాధ్యత తీసుకున్న బోయ, అంటే కాపరి, రోజూ మానెడు నెయ్యి గుడికి కొలవాలి. చచ్చినవాటి చోట పుట్టినవి వస్తాయి, లెక్క మాత్రం తగ్గకూడదు. నాలుగు కాళ్ల మీద తిరిగే ఆస్తిని వాళ్లు శాశ్వత ధర్మానికి పూచీగా పెట్టారు. చరాస్తి అంటే కరిగిపోయేది, స్థిరాస్తి అంటే నిలిచేది అన్న మన పంపకం వాళ్లకు అంత సూటిగా ఉండేది కాదు. ఆస్తి నిలుస్తుందా లేదా అన్నది అది కదులుతుందా లేదా అన్నదాన్ని బట్టి కాక, దాన్ని చూసుకునే కట్టుబాటును బట్టి తేలేది.

ఆ కట్టుబాటును కొన్ని వందల ఏళ్ల తరవాత రైతు ఇంటి ఎడ్ల బండి అందుకుంది. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలువలు డెల్టా అంతా పాకాయి, వరి పెరిగింది, ధాన్యం బయటి ఊళ్లకు పోవడం మొదలైంది. కాలువల్లో పడవలు నడిచేవి కాబట్టి ఇక్కడ బండితో పనేముందని ఎవరైనా అడగొచ్చు. పడవ రేవు దాకానే వస్తుంది. కళ్లం నుంచి రేవుకు, రేవు నుంచి మిల్లుకు, మిల్లు నుంచి ఇంటికి నడిచింది బండే. అందుకే కొత్తగా కాపురం పెట్టిన రైతు కొడుకు తాటాకు ఇంట్లో ఉంటూనే ఎడ్ల జత, బండి సంపాదించుకునేవాడు. పెంకుటిల్లు పదేళ్లకో పదిహేనేళ్లకో వచ్చేది. మన కళ్లకు అది తలకిందుల వరస. కానీ ఆ పెంకుటిల్లు దేనితో కట్టారో ఒకసారి చూడండి. బట్టీ నుంచి ఇటుక తెచ్చింది ఆ బండే. భద్రాచలం అడవుల నుంచి గోదావరి మీద తెప్పలుగా రాజమండ్రికి దిగిన కలపను, కాకినాడ రేవులో దిగిన బర్మా టేకును ఊరి దాకా లాగింది ఆ ఎడ్లే. ఇంటి ముందు గుండ్రంగా తవ్విన గానుగలో రాతి చక్రాన్ని తిప్పి సున్నం రుబ్బింది కూడా ఎడ్లే. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని భయపెట్టిన లోకంలో, సొంత బండి ఉన్నవాడికి ఇంటి ఖర్చులో మోత కూలి సొంత చాకిరీ కింద పోయేది. అలా బండిలో పెట్టిన డబ్బే తరవాత గోడలై నిలబడేది.

ఆ బండి మీద ఉన్న మమకారం కూడా చిన్నది కాదు. కనుమ నాడు కొమ్ములకు రంగులు, మెడలో గంటలు, నుదుట కుంకుమ అన్నీ ఉండేవి. కానీ ఆ ప్రేమ ఏడాది పొడుగునా చేసే పని వేరు. చక్రానికి పట్టా ఎక్కించడం చూస్తే అది తెలుస్తుంది. వడ్రంగి తుమ్మ కర్రతో ఆకులు బిగించి చక్రం తయారుచేస్తాడు. కమ్మరి దానికన్నా రవంత చిన్న కొలతతో ఇనుప పట్టాను గుండ్రంగా అతికి, పిడకల దాలిలో ఎర్రగా కాలుస్తాడు. కాలిన ఇనుము సాగుతుంది. ఇద్దరు ముగ్గురు పట్టకార్లతో పట్టుకొచ్చి చక్రం మీద దించగానే కర్ర మండి పొగ లేస్తుంది. వెంటనే బిందెలతో నీళ్లు గుమ్మరిస్తారు. ఇనుము ముడుచుకుని చక్రాన్ని కరిచి పట్టుకుంటుంది, ఆకులు చిటపటమంటూ కుదురుకుంటాయి. వదులైన పట్టాను ఊడదీసి మళ్లీ బిగించడం, ఇరుసుకు కందెన పెట్టడం, అరిగిన కాడి మార్చడం ఇవే ఆ ప్రేమకు రోజువారీ రూపాలు. అలా చూసుకున్న బండి తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వచ్చేది. ఏ భాగం పాడైతే ఆ భాగమే మారేది, బండి మారేది కాదు. ఇనుప యెడ్ల మందలో చచ్చిన గొర్రె చోట కొత్త గొర్రె వచ్చినట్టే ఇదీ.

పల్లకీ సంగతి వేరు. అది సరుకు మోయదు, పొలం దున్నదు, సున్నం రుబ్బదు. దాన్ని మోయడానికే నలుగురు బోయీలు కావాలి, వాళ్లకు కూలివ్వాలి. అది మోసేది ఒక మనిషిని, వాడి హోదాని. అందుకే సామెత పల్లకీనే పట్టుకుంది. ఇంట్లో ఈగలు ముసురుతున్నా బండి తోలుకుంటున్నాడని రైతును ఎత్తిపొడిచే మాట మాత్రం వాడుకలో వినపడదు. మోసే వాహనం వేరని, మోయించుకునే వాహనం వేరని తెలుగు వాడుక ఎప్పుడో తేల్చేసింది. విచిత్రమేమిటంటే కేంద్ర ప్రభుత్వ చట్టం కూడా చాలాకాలానికి ఇదే తీర్పుకు వచ్చింది. 1957 నాటి సంపద పన్ను చట్టాన్ని 1993లో మార్చినప్పుడు సొంత కారును పన్ను పడే ఆస్తుల్లో చేర్చారు; అద్దెకు తిప్పే కార్లను వదిలేశారు; ఒక ఇంటికి మినహాయింపు ఇచ్చారు. 2015లో ఆ పన్నే రద్దయింది గానీ, టాక్సీ బండి కిందికి, సొంత కారు పల్లకీ కిందికి వస్తాయన్న విభజన మాత్రం మన సామెతకు అచ్చుగుద్దినట్టుంది.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. ఇదంతా భూమి ఉన్నవాడి కథ కదా అంటారు. నిజమే. ఆ బండి తోలిన పాలేరుకు బండీ లేదు, ఇల్లు కట్టుకునే జాగా కూడా లేదు. అతని ఇంటి చరిత్ర వేరే వరసలో నడిచింది. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడి, 1983 తరవాత ఎన్టీ రామారావు ప్రభుత్వం పక్కా ఇళ్లను పెద్ద ఎత్తున చేపట్టాక ఊరి చివర కాలనీలు లేచాయి. వాళ్లకు ముందు ఇంటి స్థలం పట్టా, తరవాత గోడలు, ఆ తరవాతే సైకిలో ఆటోనో. కువైట్, మస్కట్ వెళ్లిన కోనసీమ ఆడవాళ్లు పంపిన డబ్బు కూడా చాలా ఇళ్లలో ముందు డాబాగానే లేచింది. ఈ సాక్ష్యం నా వాదనకు అడ్డు రాదు, దాన్ని పదును పెడుతుంది. సంపాదించిపెట్టే బండి చేతిలో ఉన్నవాడు బండితో మొదలుపెట్టాడు. అది లేనివాడు ఇంటితో మొదలుపెట్టాడు. రెండు వరసల వెనకా ఉన్న తర్కం ఒకటే: ముందు డబ్బు పెట్టాల్సింది నాలుగు రోజులు నిలబెట్టేదాని మీద. ఇల్లు కూడా ఊరికే స్థిరాస్తి అయిపోలేదు. 1996 నవంబరు 6 నాటి తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. కోనసీమ కొబ్బరితోటలతో పాటు తాటాకు ఇళ్లు నేలమట్టమయ్యాయి. నిలిచేదన్న పేరున్నంత మాత్రాన ఏదీ నిలవదని ఆ రాత్రి నేర్పింది.

మరి బండి పల్లకీగా ఎప్పుడు మారింది? ఒక్క రోజున మారలేదు. కాకినాడ నుంచి ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి 1928లో రైలు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం అవసరాలకని 1940లో ఆ పట్టాలు పీకేశారు. మళ్లీ 2004లో గానీ రైలు తిరగలేదు. మధ్యలో అరవై ఏళ్లకు పైగా ఈ దారి రోడ్డు మీదే బతికింది. కాలువల్లో పడవల రాకపోకలు తగ్గాయి, ట్రాక్టరు వచ్చి ఎడ్లను పక్కకు తప్పించింది, అంబాసిడర్ కారు పెళ్లిళ్లకూ ఆసుపత్రులకూ అద్దెకు తిరిగింది. 1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చాక కారు మొదటిసారి జీతగాడి ఊహకు అందింది. బండి చేసిన పనులు అప్పుడు విడిపోయాయి. సరుకు మోత ట్రాక్టరుకూ, 2005 తరవాత టాటా ఏస్ లాంటి చిన్న వాహనాలకూ పోయింది. మనుషుల ప్రయాణం, మనసు, హోదా కారుకు మిగిలాయి. అయినా ముందు బండి, తరవాత ఇల్లు అన్న పాత వరస మాత్రం అలవాటుగా నిలిచిపోయింది. వరసను పుట్టించిన కారణం పోయింది, వరస మిగిలింది. ఈనాటి చిక్కంతా ఇక్కడే ఉంది.

అంటే పెద్దలు చెప్పినట్టు కారు అమ్మేయడమేనా? లెక్క వేసి చూద్దాం. బీమా వాళ్లు కారు విలువ కట్టే పట్టిక ప్రకారం మొదటి ఏడాది లోపే 15 శాతం, మూడో ఏడాదిలో 30 శాతం, ఐదో ఏడాదిలో 50 శాతం తరుగు తీస్తారు. 8 లక్షల కారు ఐదేళ్లకు 4 లక్షలదవుతుంది. వడ్డీ, పెట్రోలు కాక నెలకు 6,600 పైచిలుకు కరిగినట్టు. ఐదో ఏట దాన్ని ఇచ్చేసి అదే ధరకు కొత్తది తెచ్చుకునేవాడు మళ్లీ 4 లక్షలు కట్టాలి. పాతదాన్నే అట్టిపెట్టుకున్నవాడికి ఆ 4 లక్షలు చేతిలో ఉంటాయి. అదనపు మరమ్మతులకు లక్ష పోయిందనుకున్నా 3 లక్షలు మిగులుతాయి. పదేళ్ల కారుకు ధర పలకదు కదా అని అడగొచ్చు. పలకదు, లక్షో లక్షన్నరో వస్తే గొప్ప. అయితే పదేళ్ల చివర మొత్తం ఆస్తి కూడితే ఇద్దరిదీ ఇంచుమించు సమానమే: ఒకరికి 4 లక్షల కారు, ఇంకొకరికి పాత కారూ 3 లక్షల రొక్కమూ. మొదటివాడి సొమ్ము చక్రాల మీద కరుగుతూ పోతుంది. రెండోవాడిది స్థలానికి బయానా అవుతుంది. 30 లక్షల లోపు ఇంటి అప్పుకు బ్యాంకు విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చని నిబంధన. 20 లక్షల ఇంటికి చేతి డబ్బు కనీసం 2 లక్షలు కావాలి. రిజిస్ట్రేషను ఖర్చులకు ఆ మిగతా లక్ష ఆసరా.

కాబట్టి ఇంటికి అడ్డం వచ్చేది ఇష్టమైన కారు కాదు, కొత్త కారు. కారు మీద నిజంగా ప్రేమ ఉన్నవాడే దాన్ని పదిహేనేళ్లు కాపాడుకుంటాడు. మోజు ఉన్నవాడు ఐదేళ్లకు మార్చేస్తాడు. పొదుపులో ఈ రెండూ ఎదురెదురు దిక్కులు. అయినా ఈ ప్రేమకు ఒక గీత గీయాలి. కారుతో ఉద్యోగం నడుస్తుంటే, కోటిపల్లి రేవులో పంటు మీదకెక్కించి ముక్తేశ్వరం వైపు పనికి వెళ్లాల్సి ఉంటే, ఇంట్లో నడవలేని పెద్దలుంటే అది బండి. ఆదివారం తుడిచి, పెళ్లికి తీసి, మిగతా రోజులు కవరు కింద పడి ఉంటే అది పల్లకీయే. ఎంత ముచ్చటైనదైనా అమ్మేయమన్న పెద్దల మాట అక్కడ సరైనదే. పాత మండువా లోగిళ్లు కూడా హోదా కోసం కట్టినవే కదా, ఇంటిది గౌరవమూ కారుది డాబూ ఎలా అవుతుందన్న ప్రశ్నలోనూ న్యాయం ఉంది. తలకు మించిన ఇల్లు కూడా పల్లకీయే, కదలదు గానీ మోయించుకుంటుంది. వాయిదా కట్టలేక అమ్ముకున్న ఇల్లు ఎవరికీ స్థిరాస్తి కాలేదు.

శాసనంలో బోయ మీద పెట్టిన షరతు ఇక్కడ పనికొస్తుంది. గొర్రె చావచ్చు, మంద లెక్క తగ్గకూడదు, దీపం కొండెక్కకూడదు. కారు కొన్నవాళ్ల ఇంట్లో ఐదేళ్లపాటు ప్రతి నెలా తప్పకుండా పుట్టే సొమ్ము ఒకటుంది, అదే వాయిదా. అప్పు తీరిన నెలలో చాలా ఇళ్లలో అది ఇంటి ఖర్చుల్లో కలిసి మాయమవుతుంది, లేదా ఇంకో కారుకు అడ్వాన్సుగా పోతుంది. కారు పాతబడితే పడనీ, దాని వాయిదాను మాత్రం చావనివ్వకుండా అదే తేదీకి అదే మొత్తాన్ని చీటీలోనో బ్యాంకులోనో కొలుస్తూ పోతే, పాత బండి ఇటుకలు మోసినట్టే ఈ కారు కూడా ఇంటికి ఇటుకలు మోస్తుంది. ఆఖరి వాయిదా కట్టిన మరుసటి నెలలో ఆ డబ్బు ఎటు పోయిందో చూస్తే చాలు, ఇంటి ముందున్నది బండో పల్లకీయో తెలిసిపోతుంది.