పెరటి దిక్కు నుంచి గడి

దొరల గడి అనగానే ఎవరైనా ముందు దిక్కు నుంచే చెప్పడం మొదలుపెడతారు. ఏనుగు పట్టేంత దర్వాజ, లోపల కచ్చేరి, మూలల్లో బురుజులు. మా నాయనమ్మ ఆ దర్వాజ గుండా ఒక్కనాడూ లోపలికి పోలేదు. ఆమెకు తెలిసిన గడి పెరటి దిక్కుది. చేదబావి, బట్టలు ఉడకబెట్టే బాన, గిన్నెలు తోమే బండ, పసుపు కారం దంచే రోలు, ఆ పక్కన పశువుల కొట్టం. చాకలి ఇంట్లో పుట్టి చాకలి ఇంటికే కోడలై వచ్చిన ఆమె, మా నర్సింహులపేట చుట్టుపక్కల ఊళ్లలోనే ఒక గడిలో వెట్టి చేసింది. ఆ దొర వారసులు ఇంకా ఉన్నారు కాబట్టి ఊరి పేరు రాయను. నేను బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. పాఠ్యపుస్తకంలో దొరకని ఆ పెరటి గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

దొరలు అనాది నుంచీ దొరలు కారు. నిజాం రాజ్యంలో ఒకప్పుడు పన్నుల వసూలు గుత్తకు ఇచ్చేవారు. దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాలు ఆ వసూళ్లు చేసి, లెక్కలు రాసేవాళ్లు. 1860లలో నిజాం దివాన్ మొదటి సాలార్‌జంగ్ ఆ పద్ధతి ఎత్తేసి, జిల్లాలు ఏర్పరచి, జీతం మీద తహసీల్దార్లను పెట్టాడు. పోయిన పెత్తనానికి బదులు దేశ్‌ముఖులకు రుసుం, వతన్లనే వంశపారంపర్య హక్కులు దక్కాయి. కాగితం చదవగలిగినవాళ్లు, ఏ చెలక ఎవరిదో ఎరిగినవాళ్లు వాళ్లే. తర్వాత సర్వేలు, సెటిల్‌మెంట్లు వచ్చినప్పుడు ఊళ్లకు ఊళ్ల భూములు వాళ్ల పేర్ల మీదికి ఎక్కాయి. తాతల నాటి నుంచి దున్నుతున్న రైతు ఒక పొద్దున లేచేసరికి కౌలుదారు అయ్యాడు. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి చేతిలో అరవై ఊళ్లు, 40,000 ఎకరాలు. సూర్యాపేట తాలూకా జన్నారెడ్డి ప్రతాపరెడ్డి భూమి లక్షన్నర ఎకరాలని కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య లెక్క రాశాడు.

అంత భూమికి ఒక ఇల్లు సరిపోదు. గడి అంటే ఇల్లు, కోర్టు, జైలు, ధాన్యం కొట్టు అన్నీ కలిసినది. పంచాయతీ అక్కడే, దండుగ అక్కడే. నాగుకు, అంటే వడ్డీకి, తెచ్చుకున్న వడ్లు తీర్చలేనివాణ్ని కట్టేసేదీ అక్కడే. అయితే దొర కుటుంబం ఎందరు? పది మంది, పదిహేను మంది. ఆ పదిహేను మంది పూట గడవడానికి ఊరు ఊరంతా కదలాలి. మంగలి ఒళ్లు పట్టాలి, రాత్రి ప్రయాణమైతే దివిటీ పట్టాలి. కుమ్మరి కుండలియ్యాలి. గౌండ్ల కల్లు లొట్టి తేవాలి. గొల్ల కురుమలు పండుగకు గొర్రెను తోలాలి. మాదిగలు మోటకు తోలు బొక్కెన కుట్టియ్యాలి, కబురు మోసుకుని ఊరూరా తిరగాలి. కోమటి సరుకియ్యాలి. చాకలి ఇంటి పని నాయనమ్మ మాటల్లోనే చెప్తాను: "తెల్లారకముందే వాకిలి ఊడ్వాలె, నీళ్లు కాగవెట్టాలె, చుట్టాలొస్తె మూడు రోజులు ఇంటికి రావుడు లేదు. కడుపుల పిల్లున్నా గంతే."

వీళ్లు పొద్దుగూకితే ఇంటికి పోగలిగినవాళ్లు. ఇల్లే లేనివాళ్లు ఇంకొందరు. దొరల ఇంటి ఆడపిల్ల అత్తారింటికి పోతే వెంట ఒక పేదింటి పిల్లను పంపేవాళ్లు. ఆడబాప అనేవారు. ఆమెకు పెళ్లి ఉండదు, పిల్లలు పుడితే వాళ్లకు తండ్రి పేరు ఉండదు. దొరల వంశవృక్షాలు గీసిన పుస్తకాలు ఉన్నాయి. ఆ వృక్షంలో ఆడబాపకు కొమ్మ లేదు. ఎక్కువ రాత్రులు గడిలో గడిపిన మనుషుల్లో ఆమె ఒకతి. గడి నివాసుల జాబితా ఎవరు రాసినా ఆమె పేరుతోనే మొదలుపెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను.

వెట్టికి వ్యతిరేకంగా మాడపాటి హనుమంతరావు, 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం మొదట గొంతెత్తారు. దాని నుంచే ఎదిగిన ఆంధ్ర మహాసభ 1944 భువనగిరి సభ నాటికి పల్లెకు వచ్చింది. సభ్యత్వం రూపాయి నుంచి నాలుగణాలకు తగ్గింది. చీటీ తీసుకున్నవాళ్లంతా సంఘం మనుషులయ్యారు, మా దిక్కు దాన్ని చీటీల సంఘమనే అన్నారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ మల్లంపల్లి దొర దగ్గర భూమి కౌలుకు పట్టి పంట తీస్తే, ఆ పంట మీద విసునూరు దొర కన్నుపడింది. కోతకు గూండాలను పంపాడు. సంఘం కార్యకర్తలు కర్రలు పట్టుకొని చేలోకి దిగి పంట కోసి ఆమె ఇంటికి చేర్చారు. 1946 జులై 4న కడవెండిలో సంఘం ఊరేగింపు దొరల గడి దగ్గరికి వచ్చినప్పుడు లోపలి నుంచి తుపాకులు పేలాయి. సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. అక్కడి నుంచి మంట తెలంగాణ అంతా పాకింది.

చాకలి బిడ్డగా నన్ను కదిలించిన చరిత్ర ఇంకొకటి ఉంది, అది చాలా దూరపుది. ఐర్లండులోనూ ఇలాంటి పెద్ద ఇళ్లే. భూమి ఇంగ్లండుతో ముడిపడిన కొద్ది కుటుంబాలది, దున్నేది ఐరిష్ కౌలుదారు. 1880లో మేయో ప్రాంతంలో ఎర్న్ ప్రభువు భూములు చూసే కెప్టెన్ బాయ్‌కాట్ రైతులు అడిగినంత కౌలు తగ్గించనన్నాడు. ఊరు అతనికి పని బంద్ చేసింది. కూలీలు రాలేదు. కమ్మరి రాలేదు. లండన్ పత్రికకు రాసుకున్న ఉత్తరంలో అతను చాకలామె కూడా తన బట్టలు ఉతకకుండా ఆపేశారని మొరపెట్టుకున్నాడు. ఐదువందల పౌన్ల పంట తీయడానికి బయటి నుంచి యాభై మంది కూలీలు, వాళ్లకు కాపలాగా సైన్యం, పదివేల పౌన్ల ఖర్చు. సరిగ్గా 98 ఏళ్లకు, 1978లో, జగిత్యాల, సిరిసిల్ల ఊళ్లలో మన చాకళ్లు, మంగళ్లు, జీతగాళ్లు దొరల ఇళ్లకు పోవడం మానేశారు. ప్రభుత్వం ఆ దిక్కును కల్లోలిత ప్రాంతమని ప్రకటించింది. ఉతకనని చెప్పిన చాకలికి ఎంత బలముందో రెండు దేశాల దొరలకూ తెలిసొచ్చింది.

మన దిక్కు 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌల్దారీ చట్టం వచ్చింది. నిజాం రాజ్యాన్ని భారతదేశంలో కలిపిన 1948 పోలీసు చర్య తర్వాత, పోరాటంలో పారిపోయిన దొరలు కొందరు సైన్యం వెనకే ఊళ్లకు తిరిగివచ్చారు, అదీ నిజం. 1973 భూపరిమితి చట్టం, 1980లలో పటేల్ పట్వారీల రద్దు, నక్సలైట్ల భయం కలిసి వాళ్లను హైదరాబాదుకు పంపాయి. గడికి తాళం పడింది. సున్నం రాలింది, టేకు దూలాలు ఎవరికి అందినన్ని వాళ్లు పట్టుకుపోయారు.

ఐర్లండులోనైతే పోరాటాల నడుమ, 1920 నుంచి 1923 దాకా, సుమారు 275 పెద్ద ఇళ్లను తగలబెట్టారు. మిగిలినవాటిలో స్ట్రోక్స్‌టౌన్ అనే ఇల్లు ఒకటి ఉంది. 1840ల కరువుకాలంలో దాని యజమాని డెనిస్ మహోన్ 1,490 మంది కౌలుదారులను ఊళ్లు ఖాళీ చేయించి కెనడాకు పంపాడు. దారిలో, ఓడల్లో ఎందరో చచ్చిపోయారు. 1847లో అతన్ని కాల్చి చంపారు. ఆ ఇంటి గుమాస్తాగదిలో దొరికిన కాగితాలతో, కరువులో రైతులు పెట్టుకున్న అర్జీలతో సహా, గుర్రాల కొట్టంలో 1994లో కరువు మ్యూజియం పెట్టారు. అదే ఇంట్లో వంటగది పైన ఒక వసారా ఉంది. ఇంటామె కిందికి దిగకుండా అక్కడి నుంచే వారం వంటల చీటీ పడేసేదట. పనివాళ్లు కంటపడకుండా నడవడానికి సొరంగం కూడా ఉంది. వచ్చినవాళ్లకు అవన్నీ చూపిస్తారు.

మన దగ్గర దోమకొండ కోటను వారసులు చక్కగా బాగుచేయించుకున్నారు, యునెస్కో మెప్పు కూడా వచ్చింది. మిగతా గడుల విషయంలో రెండే మాటలు వింటున్నాను. కూల్చేయాలని కొందరు, హోటలు పెట్టాలని కొందరు. కూల్చేయమనేవాళ్ల కోపం నా ఇంట్లోదే, కానీ కూలితే దొర తప్పు కూడా మట్టిలో కలిసిపోతుంది. హోటలు పెడితే ముందు పోయేది పశువుల కొట్టం, పెరటి రోలు, ఆడబాప పడుకున్న అర్ర. జనగామ, మహబూబాబాద్ జిల్లాల్లో ఒక్క గడినైనా ప్రభుత్వం తీసుకొని పెరటి దిక్కు నుంచి తలుపు తెరవాలి. వెట్టి చేసిన ఇళ్ల నుంచి మనుమలు, మనుమరాళ్లు పేర్లు రాసివ్వాలి. మా నాయనమ్మ పేరుతో పాటు ఆమె చెప్పిన మరికొందరి పేర్లు నా నోటుబుక్కులో సిద్ధంగా ఉన్నాయి.

2024లో హైదరాబాదు కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టారు. ఆ ప్రాంగణంలోనే ఒకప్పటి బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ ఉంది, స్తంభాలతో, సింహాలతో. అతను పెళ్లాడిన ఖైరున్నిసా బేగం ఉన్న రంగమహల్‌ను తర్వాత వచ్చిన ఒక రెసిడెంటు కూల్పించాడు. తోటలో రెసిడెన్సీ చిన్న నమూనా ఒకటి మిగిలింది. ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయం గేటు మీద పాలకుర్తి చాకలామె పేరుంది. పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు దాని కింది నుంచే రోజూ క్లాసుకు పోతున్నారు.