ఆచంద్రతారార్కము

మన శాసనములను తిరుగవేయువారికి దానవాక్యముల చెంత తరచుగా ఎదురగు మాట ఆచంద్రార్కము. సూర్యచంద్రులు ఉన్నంతవరకు అని దాని గడువు. నడుమ నక్షత్రములను గూడ చేర్చి ఆచంద్రతారార్కమని వ్రాయించినవారును కలరు. అక్షరము రానివానికిని ఈ గడువు తెలియవలెనని కాబోలు, ఎన్నో దానశిలల నెత్తిన సూర్యబింబమును, చంద్రవంకను చెక్కించిరి. వేంగీచాళుక్యుల తామ్రశాసన ముద్రలయందును వరాహముతోపాటు వీరిరువురును నెలకొనియుందురు. అయితే ఆకాశమును సాక్షిగా పిలిచినవారు నేలమీది మనుష్యుని ఎరుగనివారు కారు. దత్తభూమిని అపహరించినవాడు అరువదివేల యేండ్లు పురుగై పుట్టుననియు, గంగాతీరమున కపిలగోవును చంపిన పాపమున పోవుననియు శాసనాంతమున శపించుట చూడగా, అట్టి అపహరణములు అరుదుగా జరిగెడివని నేను నమ్మజాలను.

శాపముకంటె గట్టి ఏర్పాటు అఖండదీపములలో కనబడును. ద్రాక్షారామ భీమేశ్వరాలయపు శాసనములు దీనికి మంచి నిదర్శనములు. దాత దేవునికి దీపము పెట్టదలచి నెయ్యి ఈయడు, రొక్కమును ఈయడు. ఒక మందను ఇచ్చును. ఆ మందను చేకొన్న బోయడు, తానును తన పుత్రానుపౌత్రికమును, దినదినము మానెడు నెయ్యి గుడికి పోయవలెను. ఈడుమీరినది చచ్చును, పడ్డ పెరిగి దాని చోటికి వచ్చును, లెక్కలోని తల ఒక్కటియు తగ్గదు. చోళమండలపు శాసనములు ఇట్టి మందలలోని గొర్రెలను 'సావా మూవా పేరాడు' అని, అనగా చావనివి, ముదియనివి అని, నిస్సంకోచముగా పేర్కొన్నవి. సూర్యచంద్రుల పేరు దాతది. తెల్లవారుజామున లేచి పాలు పితికి, కవ్వమాడించి, కుండ నెత్తిన పెట్టుకొని గుడికి నడచిన బోయని పేరును శిలపై చెక్కించుట నాకు మిక్కిలి న్యాయముగా తోచును.

ఈ ఉపాయమునే అంతకు ఎంతో పూర్వము రొక్కముతో నడపినవారు ఉండిరి. నాసిక గుహలో క్షత్రపరాజు నహపానుని అల్లుడు ఉషవదాతుడు భిక్షువులకై 3000 కార్షాపణములను అక్షయనీవిగా సాలెల శ్రేణులయొద్ద ఉంచెను: 2000 నూటికి నెలకు ఒకటి వడ్డీకి, 1000 ముప్పాతిక వడ్డీకి. మొదలు తిరిగి అడుగరాదు, వడ్డియే అనుభవింపవలెను.

1858లో చెన్నపట్టణపు దొరతనము ఇనాము కమిషనును ఏర్పరచినప్పుడు ఈ శాశ్వతదానములకు కాగితపు పరీక్ష వచ్చినది. అనేక ఇనాములు స్వల్పపు కట్టుబడితో నిలిచినవి. ఆంధ్రప్రాంతమున 1956 నాటి చట్టము ఇనాములనే రద్దుచేసి రైతువారీ పట్టాలకు మార్చినది. పరిభాష మాత్రము దస్తావేజు లేఖరుల కలమునుండి జారక నిలిచినది. అయిదు సెంట్ల ఇంటిస్థలపు క్రయపత్రమునందును నిధి నిక్షేప జల తరు పాషాణములతో సహా, పుత్రపౌత్ర పారంపర్యముగా అనుభవింపుమని వ్రాసి ఇత్తురు. కొన్నవాడు ఆ నిధి ఎక్కడ ఉన్నదని అడిగినట్లు నేను వినలేదు.